నకలు రైఫిల్, రాజ్యం ఆంటీ

కాల్చొచ్చిన రైఫిల్ కడగడానికి కెటిల్‌లో మరిగిన నీళ్ళు గొట్టంలో పోయగానే మా వంటగదంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన కమ్ముకుంటుంది. "మమ్, ఇట్ స్టింక్స్" అంటూ మా అమ్మాయి కిటికీ తెరుస్తుంది. నాకు మాత్రం రాజ్యం ఆంటీ వచ్చి పక్కన నిలబడినట్టుంటుంది. న్యూకాసిల్‌లో మా పక్కింట్లో ఉండేది ఆవిడ. గుంటూరు మనిషి, రిటైరైన డాక్టరు. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు రైఫిళ్ళంటే ఆవిడకి ప్రాణం. కాల్చేవి అసలువి కావు, అదే నమూనాలో ఈ కాలంలో చేసిన నకళ్ళు. అవి కూడా ఒకరు వాడి వదిలేసినవే ఏరుకునేది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పులు పట్టడమే నా పొట్టకూడు కాబట్టి ఏది చూసినా ముందు లోపమే కనిపించేది. మొదటిసారి ఆవిడ తన రైఫిల్ చేతికిస్తే, "చెక్క నిండా గీతలే ఆంటీ" అన్నాను.

"చొక్కా నలిగిందని పేషెంటుకి మందు రాస్తామా? లోపల చూడు."

చిన్న లైటు గొట్టంలోకి జారవిడిచింది. మెలితిరిగిన గాడులు తళతళలాడాయి. తర్వాత కళ్ళు మూసుకుని, ట్రిగ్గర్ పైనుండే సుత్తిని మెల్లగా వెనక్కి లాగింది. టిక్, టిక్. "విన్నావా? నాడి బాగుంది" అంది.

కాల్చడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కొన్నేళ్ళకి ఆవిడ కళ్ళు మసకబారి గురి కనిపించకుండా పోయింది. మా రైఫిల్ క్లబ్ టీమ్‌లో తన చోటు నాకివ్వమని పట్టుబట్టింది. కెప్టెన్ కోలిన్‌కి నా మీద నమ్మకం లేదు. ఆదివారం పోటీలో తనకన్నా బాగా కాలిస్తేనే ఇస్తానన్నాడు, అది కూడా సొంత రైఫిల్‌తో. సొంత రైఫిల్ కొనడానికి నా లైసెన్సు అప్పుడే చేతికొచ్చింది. ఇద్దరం క్లబ్‌లో పాతవి అమ్మే బల్ల దగ్గరికి వెళ్ళాం. "నాకు కళ్ళెక్కడివి, నువ్వే ఏరుకో" అని ఆంటీ కుర్చీలో కూర్చుంది.

అద్దంలా మెరిసేదాన్ని తీసుకోమన్నాడు అక్కడే ఉన్న కోలిన్. తిప్పి చూస్తే గొట్టం మీది ముద్రలు అరిగి అలుక్కుపోయి ఉన్నాయి. ఎవరో తుప్పును రుద్ది పాలిష్ పట్టారన్నమాట. దాని పక్కనే గీతలు పడ్డదొకటి ఉంది. దాని మీద ఇటలీలో పేల్చి పరీక్షించాక కొట్టిన ముద్ర, తయారైన ఏడాదిని చెప్పే అక్షరాలు నిన్న కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి. చెంప ఆనే చోట మాత్రం పూత పోయింది. కడ్డీకి గుడ్డ చుట్టి లోపల తిప్పితే తెల్లగానే బయటికొచ్చింది.

"దీన్ని ఎవరో బాగా కాల్చారు ఆంటీ. కాల్చినప్పుడల్లా కడిగారు కూడా."

ఆవిడ కళ్ళు మూసుకుని సుత్తి చప్పుడు విని నవ్వింది. "పైన పటారాన్ని పక్కన పెట్టావు. పాసయ్యావే."

"అసలే నకలు, పైగా గీతలు" అన్నాడు కోలిన్.

"నకలే కోలిన్. దస్తూరీ బాగుంటే నకలూ చదువుకోవచ్చు" అంది ఆంటీ.

ఆదివారం సన్నటి జల్లు పడుతోంది. నేను గురి తప్పితే పోయేది ఆవిడ చోటని తలుచుకుంటూ, మొదటి గుండు పేల్చగానే గబగబా మళ్ళీ మందు కూరబోయాను. వెనక కుర్చీలోంచి ఆంటీ గొంతు వినిపించింది: "పొగ పోనివ్వమ్మా. తొందరేం లేదు." కాల్చడం అయ్యాక, గుళ్ళు దిగిన నా గురి కార్డు ఆవిడ ఒళ్ళో పెట్టాను. చూపుడువేలితో తడిమింది. ఒక రంధ్రంలోంచి వేలు పైకెత్తకుండానే పక్కదాంట్లోకి జారింది, అక్కణ్ణుంచి ఇంకోదాంట్లోకి. మధ్యలో కాగితం మిగల్లేదు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. కోలిన్ తన కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "చోటు నీదే" అంటూ చెయ్యి చాపాడు. ఆంటీ నా భుజం పట్టుకుని తల ఎత్తుకుని క్లబ్ అంతా ఊరేగింది. డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

ఆంటీ పోయింది. టీమ్‌లో ఆ చోటు ఇంకా నా దగ్గరే ఉంది. ఆఫీసులో కుర్రాళ్ళు తప్పుల చిట్టా తెస్తే, బాగున్నదేమిటో కూడా చెప్పమంటాను. క్లబ్‌లో ఎవరైనా పాత రైఫిల్ తెచ్చి, కాస్త బెరుకుగా, "ఇది నకలేనా?" అని అడుగుతుంటారు.

"నకలే" అంటాను. అని, కళ్ళు మూసుకుని సుత్తిని మెల్లగా వెనక్కి లాగుతాను.