కుట్టుగదిలోని వంటపుస్తకాలు

ఆ ఇంట్లో వంటగది ఒకరిది, వంటపుస్తకాలు మరొకరివి.

వంటగది వదినగారిది. వీధి వైపున్న ముందుగదీ, కిటికీ పక్కన కుట్టుమిషనూ, బట్టలు కత్తిరించే పొడవాటి బల్లా, గోడకు బిగించిన చెక్క అరలూ టైలరమ్మవి. కింది అరల్లో కుట్టవలసిన బట్టలు, కుట్టి మడతపెట్టిన బట్టలు, ఎవరూ తీసుకుపోని బట్టలు ఉండేవి. పై అర నిండా వంటపుస్తకాలే. చొక్కా కొలతలకు వచ్చినవారు ఆ అర వైపు చూసి, “మీరు వంట కూడా బాగా చేస్తారన్నమాట” అనేవారు. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉండేది కాబట్టి జవాబు చెప్పే అవస్థ తప్పేది.

ఆమె పొయ్యి ముట్టుకుని ఎన్నో ఏళ్లయింది. కొత్తగా కాపురానికి వచ్చిన మర్నాడు గరిటె అందుకోబోతే, భర్తకు అక్కగారైన వదినగారు ఆ గరిటెను మెల్లగా లాక్కుని, “నువ్వు మిషను తొక్కుకో అమ్మాయ్, పొయ్యి సంగతి నేను చూసుకుంటాను” అన్నారు. తల్లిలేని తమ్ముణ్ణి వండిపెట్టి పెంచిన మనిషి ఆమె. మాటలో దయే ఉంది. అయితే దయతో అన్న మాట ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి శాసనమైంది. ఆకలేసి వేళ కాని వేళ వంటింట్లోకి తొంగిచూసినా, “ఏం కావాలి?” అన్న ప్రశ్న గడపలోనే ఎదురయ్యేది.

మొదటి వంటపుస్తకం చదవడానికి కొన్నది కాదు. బట్ట మీద కాగితపు నమూనా పరిచి గీత గీసేటప్పుడు అది కదలకుండా ఏదైనా బరువు పెట్టాలి. పాత పుస్తకాల బండి మీద అట్ట దిట్టంగా, ఇటుకంత మందంగా కనిపించిన పుస్తకాన్ని బరువు కోసమే తెచ్చుకుంది. కొన్నాళ్లపాటు అది చొక్కా చేతుల మీదా, పంట్లాం కాళ్ల మీదా నమ్మకంగా కూర్చుంది. ఒకనాడు కరెంటు పోయి, ఇస్త్రీపెట్టె చల్లారి, చేసేదేమీ లేక ఆమె అట్ట తెరిచింది. అంతే. ఆ సాయంత్రం కుట్టవలసిన గౌను మర్నాటికి గానీ పూర్తికాలేదు.

వంటపుస్తకం చిత్రమైన గ్రంథం. అందులో ప్రతి వాక్యమూ విధ్యర్థకమే: కలపండి, వడగట్టండి, పక్కన పెట్టండి. పై అధికారి నోట ఇన్ని ఆజ్ఞలు వరసగా వినవలసివస్తే ఎంతటి ఓర్పుగలవాడైనా రాజీనామా బల్ల మీద పెట్టి ఇంటికి పోతాడు. వంటపుస్తకం ఆజ్ఞాపిస్తే మాత్రం నోరూరుతుంది. పైగా అందులో ‘తగినంత’ అనే మాట ఒకటి ఉంటుంది. ఉప్పు తగినంత, నీళ్లు తగినన్ని. చదువరి వివేకాన్ని ఇంతగా నమ్మే శాస్త్రం లోకంలో మరొకటి లేదు. మందుసీసా మీద ‘తగినంత తాగండి’ అని అచ్చువేస్తే ఏమవుతుందో ఊహించుకుంటే ఆ నమ్మకం విలువ తెలుస్తుంది. తన ఇంటి వంటింట్లో తననెవరూ నమ్మని ఆ మనిషికి ఆ మాట దగ్గర కళ్లు కాసేపు ఆగిపోయేవంటే ఆశ్చర్యం లేదు.

అప్పటి నుంచి పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. ఇతరులు నవలలు చదివినట్టు ఆమె వాటిని చదివేది. వెన్న మెత్తబడే ఘట్టం దగ్గర ఊపిరి బిగబట్టేది; పిండి పొంగకపోతే ఏం చేయాలో చెప్పే పేజీలు రెండేసిసార్లు చదివేది. ఓవెన్ అనే వస్తువును దగ్గరగా చూడకుండానే దాని గుణదోషాలు చెప్పగలిగేది. అన్నింటికన్నా ఎక్కువగా నలిగింది చాక్లెట్ చిప్ కుకీల పేజీ. అంచు కరకరలాడాలి, నడుమ మెత్తగా ఉండాలి, విరిస్తే చాక్లెట్ దారంలా సాగాలి అని అక్కడ రాసి ఉంది. దారం అన్న మాట చదివినప్పుడల్లా ఆమెకు ఆ రచయిత తమ వృత్తివాడేమోననిపించేది.

ఇదిలా ఉండగా వదినగారికి అర కావలసివచ్చింది. సరుకులు టోకున తెచ్చి నిలవచేసే అలవాటు ఆమెది. వంటింట్లో డబ్బాలకు చోటు చాలలేదు. ఒకనాడు భోజనాల దగ్గర ఆ మాట ఎత్తి, వండని వంటపుస్తకాలు వాయించని వీణలాంటివనీ, పాత కాగితాలవాడికి వేస్తే అర ఖాళీ అవుతుందనీ అన్నారు. తమ్ముడు బస్సు డ్రైవరు; రోడ్డు మీద ఎంతటి మలుపునైనా తిప్పగలడు గానీ ఇంట్లో మాత్రం కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఉండేది అతని పరిస్థితి. కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“అవి నేను చదువుకుంటాను వదినా,” అంది టైలరమ్మ.

“చదివితే కడుపు నిండుతుందా? సరే, అందులో ఉన్నవాటిలో ఒక్కటి చేసి చూపించు. ఇంట్లో అందరం తిని బాగుందంటే ఉంచుకో. లేదంటే డబ్బాలు ఎక్కుతాయి.”

“చేస్తాను.”

“నా పొయ్యి మీద కాదు.”

“మీ పొయ్యి అక్కర్లేదు,” అంది. అన్న తరువాత గానీ తనకు పొయ్యే లేదన్న సంగతి ఆమెకు గుర్తుకురాలేదు.

పై వాటాలో ఉండే నర్సమ్మకు ఒక చిన్న ఓవెన్ ఉండేది. ఆమె యూనిఫారాలకు నడుము సరిచేసేది టైలరమ్మే. సంగతి విన్న నర్సమ్మ, తానే దాన్ని మోసుకొచ్చి ఇస్త్రీబల్ల మీద పెట్టి, “ఆపరేషన్‌కి నేను కూడా ఉంటాలెండి, అవసరం పడొచ్చు” అంది. మైదా, వెన్న, బ్రౌన్ షుగర్, గుడ్లు, వంటసోడా, చాక్లెట్ దిమ్మ, కొత్త బేసినూ కొయ్యగరిటే అన్నీ టైలరమ్మ వీధి చివరి కొట్టు నుంచి తెచ్చుకుంది. వంటింటి చెంచా ఒక్కటి కూడా ముట్టుకోలేదు. వదినగారు వాకిట్లో నిలబడి ఆ సంచీని చూసి, పాత కాగితాలవాణ్ణి ఆదివారం మధ్యాహ్నానికి రమ్మని కబురుపెట్టారు.

ఆదివారం వచ్చింది. కుట్టుగదిలో బట్టలన్నీ మూటకట్టి మూలకు చేర్చి, బల్ల తుడిచి, టైలరమ్మ పుస్తకం తెరిచింది. వెన్న, చక్కెర కలిపి గిలకొడుతుంటే ముదురు రంగు లేతబడి, నురగయింది. ఇన్నేళ్లు అక్షరాలుగా తెలిసినది చేతికి మెత్తగా, బరువుగా తగిలేసరికి ఆమె ఒక్క క్షణం గరిటె ఆపి కిటికీలోంచి బయటికి చూసింది. తరువాత రెట్టింపు జోరుగా కలిపింది. చాక్లెట్‌ను గుండీల పరిమాణంలో తరిగి పిండిలో పోసింది.

పొరపాటు అంతా ట్రే మీద జరిగింది. ముద్దకూ ముద్దకూ మధ్య బాగా ఎడం వదలండి అని పుస్తకం స్పష్టంగానే చెప్పింది. అది చదివి టైలరమ్మ నవ్వుకుంది. వేడి నీళ్లు తగిలిన నూలు ముడుచుకుంటుంది, ఇస్త్రీ వేడికి ఉన్ని దగ్గరపడుతుంది. వేడి తగిలి వెడల్పైన వస్తువును ఆమె జన్మలో చూడలేదు. ముడుచుకుపోయేదానికి లూజు వదిలి కత్తిరించాలన్నది ఆమె చేతులకు పట్టిన పాఠం. అందుకని ముద్దలు కాస్త పెద్దవిగానే చేసింది. గుడ్డ వృథా కాకుండా చొక్కా భాగాలను ఒకదాని సందులో మరొకటి ఇమిడ్చి పరిచినట్టే, వాటిని మూతికి మూతి తగిలేలా ట్రే నిండా పేర్చింది. అంగుళం కూడా వృథా కాలేదు. అంత చక్కని అమరికను చూసి నర్సమ్మ కూడా మెచ్చుకుంది. ఆమె ఓవెన్‌లో అంతవరకు వేడిచేసినవి నిన్నటి రొట్టెలే.

వాసన ముందు వచ్చింది. వెన్నా, కాలుతున్న చక్కెరా, కరిగే చాక్లెట్టూ కలిసిన ఆ వాసనకు వీధిలో పోయేవారు నడక నెమ్మదించారు. కొలతలకు వచ్చిన ఒకాయన, పని లేకపోయినా, చొక్కా ఎప్పుడిస్తారని రెండోసారి అడిగాడు. డ్రైవరు చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

ట్రే బయటికి తీసేసరికి అందులో కుకీలు లేవు. అంచు నుంచి అంచు దాకా బంగారు రంగులో ఒకే ఒక పలక ఉంది. దాని మీద చాక్లెట్ చుక్కలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. ఎక్కడ ఒక ముద్ద ముగిసిందో, ఎక్కడ మరొకటి మొదలైందో బ్రహ్మకు కూడా అంతుపట్టదు.

కుర్చీ వేసుకుని కూర్చున్న వదినగారు ముందుకు వంగి చూశారు. “ఇది బిస్కెట్టా, దుప్పటా?”

నర్సమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించింది. అప్పటికే పాత కాగితాలవాడు తక్కెడ పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

టైలరమ్మ కొత్తగా కొన్న పెద్ద కత్తెరను మరిగే నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచింది. పలక ఇంకా వెచ్చగా, వంగే స్థితిలో ఉంది. గీత గీయకుండా, టేపు పట్టకుండా కత్తెర వేసింది. నిలువుగా, అడ్డంగా, చేతి రుమాళ్లు కత్తిరించినట్టు చదరాలు తెగాయి. అంచులు కరకరమన్నాయి, నడిమి ముక్కలు మెత్తగా వంగాయి. ప్లేట్లో పేర్చి అందరి ముందూ పెట్టింది.

నర్సమ్మ ఒకటి తిని, మాట్లాడకుండా రెండోది తీసుకుంది. డ్రైవరు అక్క వైపు చూసి ఒకటి, భార్య వైపు చూసి ఒకటి, ఎవరి వైపూ చూడకుండా ఇంకొకటి తిన్నాడు. ఎలా ఉందని అడిగితే, ఇంకా సరిగ్గా తెలియలేదని చెప్పి మళ్లీ చేయి చాచాడు. వదినగారు మూల ముక్క తుంచి, నోట్లో వేసుకుని, న్యాయంగానే నమిలారు.

“తీపెక్కువ. నాకు నచ్చలేదు. అబద్ధమెందుకు చెప్పను?”

నిజానికి అది అబద్ధం కాదు. ఆమెకు తీపి గిట్టదు. ఇంట్లో అందరికీ నచ్చాలన్నది షరతు. అందరిలో ఆమె కూడా ఉన్నారు. వాకిట్లో నిలబడ్డవాడికి ఆమె చేయి ఊపి అర చూపించారు. అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

“నువ్వు అక్కడే ఆగు బాబూ,” అంది టైలరమ్మ. కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు గానీ అతనికి బాగా తెలిసింది, ఆగాడు.

“పందెం ఓడిపోయాను వదినా. పుస్తకాలు ఇవ్వను.”

“మాట తప్పుతావా?”

“తప్పుతాను. ఆ మాట ఇవ్వడమే నా తప్పు. ఇన్నేళ్లలో మీ వంటింట్లో ఒక్క డబ్బా కావాలని అడిగానా? ఈ అర నాది. వండితే వండుతాను, మాడిస్తే మాడుస్తాను, ఊరికే చదువుకుంటానంటే చదువుకుంటాను. అవి ఇక్కడ ఉండటానికి ఎవరి నాలుకా సాక్ష్యం చెప్పక్కర్లేదు.”

వదినగారు తమ్ముడి వైపు చూశారు. ఆ చూపుకు అర్థం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. చేతిలోని ముక్కను నిదానంగా మింగి, వేళ్లు తుడుచుకుని, అతను అన్నాడు: “డబ్బాలకి మంచం కింద చోటుందక్కా. నేను సర్దుతాను.”

“తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! ఇద్దరూ ఇద్దరే,” అని వదినగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి. ఆమె ఓడినట్టు ఒప్పుకోలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ ఒప్పుకోలేదు. పాత కాగితాలవాడికి టైలరమ్మ చిరిగిన నమూనా కాగితాల మూటా, కాగితంలో చుట్టి కుకీలూ ఇచ్చి పంపించింది.

బేసిన్‌లో ఇంకా పిండి మిగిలింది. ఈసారి ఆమె చిన్న ముద్దలు చేసి, మధ్య చేతి వెడల్పు ఎడం వదిలి, వృథాగా పడి ఉన్న ఆ ఖాళీ చోటును చూసి అలవాటు కొద్దీ నిట్టూర్చి, ట్రేను లోపలికి తోసింది. వాసన మళ్లీ లేచి గది దాటి, నడవ దాటి ఇల్లంతా నిండింది.

“ఆ వాసనంతా నా వంటింట్లోకి వస్తోంది. తలుపు వేసుకో,” అని లోపలి నుంచి కేక వినిపించింది.

“వెయ్యను,” అంది టైలరమ్మ.

ఆమె వెళ్లి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఒకదానికి ఇస్త్రీపెట్టె, ఇంకొకదానికి బట్టల మూట అడ్డుపెట్టింది. ఆపైన మిషను ముందు కూర్చుని, పేజీ తిప్పి, తరువాతి వంటకం చదవడం మొదలుపెట్టింది.