అన్నకు బదులు నాయిన

మాది చాకలి ఇల్లు. ఊరి బట్టలు ఉతకడమే కాదు, పెళ్లయినా చావయినా దివిటీ పట్టి ముందు నడిచేది మా ఇంటివాళ్లే. ఆ హక్కు మీద ఇంకొకరు చెయ్యి వేయరు. మాలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు పోయేవారు. పని ఇంటిది గానీ మనిషిది కాదు. మాకు తెలిసిన లోకం అదే.

పటాన్‌చెరు వైపు కంపెనీలు లేస్తున్న రోజులవి. ఆ కట్టడాల దగ్గర మట్టి మోస్తూ మా అన్న ఒక మేస్త్రీ కంట పడ్డాడు. లోపల మిషన్ మీద పనికి పెట్టుకుంటాం, సోమవారం పొద్దున గేటు దగ్గర ఉండమన్నారట. అన్న ఆ మాట చెబుతుంటే పెనం మీద రొట్టె మాడుతున్నా అమ్మ చూసుకోలేదు. నేనైతే మా వాడంతా తిరిగి చెప్పి వచ్చాను.

సరిగ్గా ఆ సోమవారమే మా ఊరి పటేల్ పెద్ద బిడ్డ పెళ్లి. ఊరేగింపు చీకట్లో మొదలై పొద్దెక్కేదాకా సాగుతుంది; నాయినకు రేచీకటి, దాని ముందు నడవలేడు. అన్న పోయి పటేల్‌కు సంగతి చెప్పుకున్నాడు. ఆయన కోపం చేయలేదు. మంచం మీద నుంచి లేవకుండానే నవ్వుతూ అన్నాడట:

“మీ తాత పట్టిండు, మీ అయ్య పట్టిండు. మా బిడ్డను సాగదోలంగ నువ్వు లేకుంటె ఎట్లరా? పోతె పో. నేనేమన్న వద్దంటున్ననా?”

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటకు నాయిన కరిగిపోయాడు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు.

“నువ్వు పెళ్లికాడ ఉండు బిడ్డా. కంపెనీల నీ బదులు నేను నిలవడ్త. పగటి పనేనాయె, కండ్లు కనవడ్తయి.”

“అక్కడ గట్ల నడవదు నాయినా.”

“ఎందుకు నడవదు? ఒక్కపారి ఇచ్చినంక అది మన ఇంటి పని. ఎవడు గుంజుకుంటడు?”

అంతకు మించి నాయినకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు.

సోమవారం నాయిన ఉతికిన ధోతి కట్టుకొని, తలకు రుమాలు చుట్టుకొని నడిచిపోయాడు. బట్టల కోసం వచ్చాడేమో అనుకున్నాడట గేటు కాపలావాడు. మా పెద్దోని పనికి వచ్చిన అని నాయిన చెబితే, లోపలివాళ్లను పిలిచి మళ్లీ మళ్లీ చెప్పించుకొని నవ్వారట. అప్పటికే గేటు ముందు నిలబడ్డవాళ్లలో ఒకరిని అన్న జాగాలోకి తీసుకున్నారు. ఆ సంగతి నాయినకు అర్థం కాలేదు. వాళ్లు మంచోళ్లు, ఛాయ్ తాపించారు అని సంబరంగా చెప్పాడు.

పెళ్లయిన మరునాడు అన్న గేటు దాకా పోయి వచ్చాడు. పెళ్లింటి మైల బట్టలు మూటలు మూటలుగా ఉన్నాయి. ఎత్తుకొని చెరువుకు పోయాడు. నాయిన బతికినన్నాళ్లూ, ఇంకోపారి అడుగు బిడ్డా, మనది మనకు ఉంచుతరు అనేవాడు. అన్న అడుగుత అనేవాడు.

కొన్నేళ్లకు పటేల్ చిన్న బిడ్డకు పెళ్లి కుదిరింది. ఈసారి పట్నం నుంచి లైట్లు తెప్పిస్తున్నారట, మా ఇంటికి కబురు రాలేదు. అన్నే పోయి ఏ రోజో అడిగి వచ్చి, పాత గుడ్డలు చింపి దివిటీకి చుట్టడం మొదలుపెట్టాడు.