ఐదు సంతకాలు, మూడు గుండ్లు

రేణిగుంటలో కేబుల్ నెట్ నడిపే కోమలి స్తంభమెక్కిందంటే ఉడుత కూడా సిగ్గుపడి దిగిపోతుందని ఊరంతా అంటుంది. ఊరంతా కాకపోయినా సగం ఊరు అంటుంది.

ఆమెకు ఒక్కటే మంట. ఇంటర్నెట్‌కు కట్టుబాట్లు రాసేది పెద్ద దేశాలు, పెద్ద కంపెనీలు. వాటి కింద నలిగేది తనలాంటివాళ్ళు. నేపాల్‌లో, శ్రీలంకలో ఇలాగే నలిగేవాళ్ళతో మూడేళ్ళు ఫోన్లో గొంతు చించుకుని, చివరికి అందరిదీ ఒకే అర్జీ చేయించింది. కొలంబోలో జరిగే ఇంటర్నెట్ సభలో తనలాంటి చిన్నవాళ్ళకూ ఒక కుర్చీ వెయ్యాలని. ఒక్కో ప్రాంతం నుంచి, అంటే వీళ్ళ చిత్తూరు వైపు నుంచి కూడా, ఐదుగురి సంతకాలుండాలి. శనివారం సాయంత్రం ఐదు దాటితే ఆ ప్రాంతం పేరు కొట్టేస్తారు. సంతకమంటే కాగితం మీద కాదు, ఎవరి ఫోనుకొచ్చిన నంబరు వాళ్ళు ఆ ఫోనులోనే కొట్టాలి.

శనివారం పొద్దున పదికి అందరినీ తన ఆఫీసుకు రమ్మంటే, పుత్తూరులో కేబుల్ నడిపే దయానంద్ ఒక్కడే వచ్చాడు. ఇద్దరివీ రెండు సంతకాలు పడ్డాయి. మిగతా ముగ్గురూ పలమనేరు వాళ్ళు. వాళ్ళలో పెద్దవాడైన మునెయ్యకు ఫోన్ చేసింది.

"మునెయ్యన్నా, యాడుండారు?"

"కొండ మీదుండాము మా. తిరుపతి దాకా వచ్చి, స్వామిని సూడకుండా నీ మీటింగుకొస్తే కండ్లు పోవా? ముగ్గురమూ గుండు గీయించుకుంటా ఉండాము."

"ఆడనే ఆ నంబరు కొట్టన్నా, అర నిమిషం పని!"

"తల తడిపేసినాడమ్మా. దర్శనమయినాక కొడతాం, గంటలో దిగొస్తాంలే."

ఆ తర్వాత ఆ ఫోను మోగలేదు. క్యూలోకి పోయేవాళ్ళు ఫోన్లు కౌంటర్లో అప్పజెప్పి పోవాలని రేణిగుంటలో పుట్టినదానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా శనివారం క్యూ. దాని తల కొండ మీదుంటే తోక తమిళనాడులో ఉంటుంది.

కోమలి వెయ్యిసార్లు ఫోన్ చేసింది. ఖాట్మండు నుంచి "మీ ముగ్గురూ ఎక్కడ?" అని మెసేజ్ మీద మెసేజ్.

"ఆ మూడూ నేనే పెట్టేదా అక్కా?" అన్నాడు దయానంద్.

"మూడు తలకాయలుంటే పెట్టురా!"

ఐదయింది. చిత్తూరు వైపు పేరు కొట్టేశారు.

ఆదివారం మధ్యాహ్నం మూడు గుండ్లూ ఎండలో మెరుస్తూ దిగాయి. మునెయ్య ఆమె చేతిలో లడ్డు పెట్టాడు.

"నీ అర్జీ గెలవాలని నీ పేరు మీద గూడా మొక్కినామమ్మా."

"నిన్ననే అయిపోయిందన్నా. మళ్ళా సభ రెండేండ్లకే."

"ఓసింతేనా! ఆపొద్దు ఒకరోజు ముందే వస్తాం. దర్శనం టికెట్లు మాత్రం నువ్వే తియ్యల్ల."

కోమలి లడ్డును కళ్ళకద్దుకుని, మొత్తం ఒక్కసారే నోట్లో కుక్కుకుంది. నోరు ఖాళీగా ఉంటే ఏ మాట వచ్చేదో ఆమెకే తెలుసు.