అమ్మేసిన తలుపు

ఒట్టేసి చెబుతున్నాను, ఇది నాకే జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

మార్కాపురం పెద్ద బజారులో మా ఇల్లు. పలకల వ్యాపారం బాగున్న రోజుల్లో కట్టిన వీధి అది. గానుగ సున్నం గోడలు, టేకు స్తంభాలు, ఇంటింటికీ పొడుగాటి అరుగులు. రోడ్డు వెడల్పని చెప్పి అన్నిటికీ ముందు భాగం కోసేశారు. మాకు అరుగు, వసారా, ముందు గది పోయాయి. సింహద్వారాన్ని గడపతో సహా మా అన్న ఎవరో హోటలు ఓనరుకు అమ్మేశాడు. అక్కడ దాని ముందు జనం సెల్ఫీలు దిగుతారట. దిగనీ.

మిగిలింది వెనక గది. దాని గోడ బీటలిచ్చింది. భర్త పోయాక పుట్టింటికి వచ్చిన మా అక్క అందులోంచి కదలనంటుంది. గోడ ఎప్పుడు మీద పడుతుందో అని నా భయం. తెల్లారగానే ఎలాగైనా ఆమెను అక్కణ్ణించి తీసుకుపోవాలని ఆ రాత్రి తోడు పడుకున్నాను.

కరెంటు లేదు. ముందు గోడా లేదు. రోడ్డు మీద పడుకున్నట్టే ఉంది... ఒక్క కుక్క కూడా అరవలేదు.

అప్పుడు విన్నాను.

కిర్ర్ర్... మా తలుపు. ఆ చప్పుడు నాకు తెలీదా? వెనకే అడ్డగడియ పడింది. ఠక్.

లేచి కూర్చున్నాను. ఎదురుగా కంకర కుప్ప... దాని అవతల రోడ్డు. అంతే.

మా నాయన బతికున్నప్పుడు రాత్రి ఆ గడియ కర్ర అడ్డం వేసి, అందరూ లోపలే ఉన్నారా అని అడిగేవాడు. మేం పడుకునే ఊకొట్టేవాళ్లం. ఇక తెల్లారి గడియ తీసేదాకా ఎవరూ బయటికి పోకూడదు. అది మా ఇంటి పద్ధతి.

చీకట్లో... అక్క మెల్లగా "ఊఁ" అంది.

నాకైతే ఎవరి గొంతూ వినపడలేదు. మరి ఆమె ఎవరికి పలికింది?

తెల్లారి ఆటో వచ్చింది. నిన్నటిదాకా కదలనన్న అక్క తనే మూట పట్టుకుని బయల్దేరింది. తలుపుండే చోటికి వచ్చి ఆగిపోయింది. చుట్టూ ఖాళీ. ఎటునుంచైనా పోవచ్చు.

"గడియ తీయి తమ్ముడా," అంది. "వేసిన గడియ తీయకుండా ఎట్ల పోయేది?"

నాకు ఏడుపొచ్చింది. అన్న మీద, ఆ దిక్కుమాలిన రోడ్డు మీద కసి పుట్టింది. ఆమె మనసు కోసం గాల్లోకి రెండు చేతులూ చాపి, గడియ ఎత్తినట్టు నటించాను.

బరువు తగిలింది...

నున్నటి కర్ర. చల్లగా ఉంది. ఏమిటది అని నన్నడగొద్దు, నాకు ఈరోజుకీ తెలీదు. అక్క గడప దాటినట్టు కాలెత్తి వేసి, బయటికి నడిచింది. నేను మాత్రం చేతులు దించలేకపోయాను. ఆ కర్రను ఆనించడానికి గోడ లేదు.