తీగల కింది వేపాకు

నిన్న నారాయణఖేడ్‌లో మా వీధి కరెంటు తీగల కింద వేపకొమ్మలు కొట్టారు. ఆ పచ్చి చేదు వాసనకు చెల్లెలు గుర్తొచ్చింది.

నేను బడికి పోతున్న కొత్తలో దానికి తట్టు పోసింది. ఒళ్లు కాలిపోతోంది. అమ్మ దాన్ని ఎత్తుకొని దవాఖానకు బయలుదేరుతుంటే, గడప ముందు వేపకొమ్మలు దబదబా పడ్డాయి.

"చూసినవా, అమ్మోరే ఆకు పంపింది. ఇగ దవాఖాన ఎందుకే?" అంది నానమ్మ.

స్తంభం మీంచి లైన్‌మన్ అరిచాడు: "తీగకు తాకుతుందని నేను కొడుతున్న, అవ్వా! పిల్లను జల్దీ తీస్కపోండ్రి."

"నీతోని కొట్టిచ్చింది ఆమెనే బిడ్డా. నీకే తెల్వది."

ఏం జరిగినా అమ్మోరి మహిమే అనే మనిషితో ఏమని వాదిస్తారు? అతను మళ్లీ కత్తి ఎత్తాడు. అమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. అది నిజంగా మందేననుకొని, చెల్లి పక్కనిండా నేనే ఆకు పరిచాను.

ఆకు వాడిపోకముందే చెల్లి పోయింది.

నిన్న పక్కింటి కోడలు ఒక కొమ్మ ఈడ్చుకుపోతుంటే అడ్డం వెళ్లాను. "ఇంట్ల ఎవరికన్న బాగలేదా?"

"మేకలకు, కాకా! ఎందుకట్ల అడుగుతున్నరు?"

పక్కకు జరిగి దారి ఇచ్చాను.