చేపల ఆటోలో బడికి

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. ఆ పట్టాకూ పీతల గంపకూ దగ్గరి చుట్టరికం ఉంది.

అప్పుడు నేను బందరులో పదో తరగతి చదువుతున్నాను. సముద్రం వైపున్న మా ఊరి నుంచి స్నేహితురాలూ నేనూ సైకిళ్ళ మీద బడికి వెళ్ళేవాళ్ళం. దారిలో వంతెన దగ్గర ఒక కుర్రవాడు మోటారుసైకిల్ ఆపుకొని మా కోసం కాపు కాసేవాడు. మొదట్లో పాటలు పాడాడు. తరువాత ఫోనుతో వీడియోలు తీశాడు. ఒకరోజు నా చున్నీ పట్టుకొని లాగి చింపాడు. ఇటువంటివి జరిగితే ఇంట్లో చెప్పాలని బడిలో టీచరుగారు బోధించారు. అలా చెప్పిన మా పక్కింటి అక్కను మర్నాటి నుంచే బడి మాన్పించారు. అందుచేత మేము నోరు మెదపలేదు.

మా పెద్దమ్మ చేపలమ్మేది. రోజూ పొద్దున్నే తోటి ఆడవాళ్ళతో, గంపలతో ఆటోలో బందరు వెళ్ళేది. యూనిఫాంకు వాసన పడుతుందని మేము ఆ ఆటో వంకైనా చూసేవాళ్ళం కాదు. చున్నీ చిరిగిన మర్నాడు మాత్రం బుద్ధిగా వెళ్ళి గంపల మధ్య కూర్చున్నాం.

వంతెన దగ్గర ఆ కుర్రవాడు బండిని ఆటో పక్కకే తెచ్చాడు. నేను పెద్దమ్మ వెనక నక్కాను. ఆమె అతణ్ణి చూసింది, నన్ను చూసింది, కుట్లు వేసిన నా చున్నీని చూసింది.

"ఏమండీ అల్లుడుగారూ, బాగున్నారా?" అంది.

"అల్లుడా? ఎండు రొయ్యలా ఉన్నాడే పాపం!" అంది పక్కావిడ.

"మార్కెట్ వెనక మేడవాళ్ళ అబ్బాయివి కాదూ? మీ అమ్మగారికి పండుగప్ప ఇచ్చేది నేనే బాబూ. ఇప్పుడు మీ ఇంటికే వస్తున్నా. ఆడపిల్లల చున్నీలు లాగుతున్నాడని చెప్పనా, వంతెన మీద కాపలా ఉద్యోగం వచ్చిందని చెప్పనా?"

ఆటో అంతా విరగబడి నవ్వింది. "అల్లుడికి పీతలిష్టమేమో కనుక్కోవే!" అంటూ ఒకావిడ కాళ్ళాడిస్తున్న పీతను అతని ముఖం వైపు చాచింది. అతను పక్కకు వంగాడు. బండి తిన్నగా వరిమడిలోకి దిగింది.

"ఆంటీ! మా అమ్మకు చెప్పొద్దండీ!" అని బురదలోంచి అరిచాడు. ఇంట్లో తెలుస్తుందన్న భయం అతనికీ ఉండడం మాకు పరమానందం కలిగించింది. పెద్దమ్మ వాళ్ళమ్మకు చెప్పనే చెప్పింది.

ఆ రోజు తరగతిలో అందరూ ముక్కులు మూసుకున్నారు. మేమిద్దరం కారణం చెప్పలేక పొట్టలు పట్టుకొని నవ్వాం.

సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది. నాన్నకు చెప్పేస్తే నా చదువు ఆ పూటతో సరి.

"ఈమధ్య ఆటోలో కళ్ళు తిరుగుతున్నాయి మరిదీ. నన్ను పట్టుకోవడానికి రోజూ పిల్లను నాతో పంపు."

"అలాగే వదినా," అన్నాడు నాన్న. ఆపైన నా వైపు తిరిగి గంభీరంగా ఆజ్ఞాపించాడు: "పెద్దమ్మ చెయ్యి వదలకు. ఆవిణ్ణి జాగ్రత్తగా తీసుకెళ్ళే పూచీ నీది. పరీక్షలయ్యేదాకా ఒక్కరోజు కూడా బడి మానడానికి వీల్లేదు!"

పెద్దమ్మ గోడకు చేరబడి, ఎంతో శ్రద్ధగా నుదురు పట్టుకుంది.