నాకు అర్థమైన మాట

ఆ రోజు నా భర్త మాట నాకు అర్థం కాలేదని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. ఆయన కూడా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని కొన్నేళ్లుగా గుండెల మీద బండలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో అనగలుగుతున్నానేమో.

మాది ధర్మవరం. ఆయన పట్టుచీరలు నేస్తాడు. కాదు, నేసేవాడు. నేను పక్కన కూర్చుని దారం కండెలకు చుట్టేదాన్ని. నాలుక మీద పుండు ఎంతకీ మానకపోతే చూపించాం. క్యాన్సరన్నారు. నాలుక కొంత కోసేసి, మెడకు రేడియేషన్ ఇచ్చారు. బతికాడు. మాట మాత్రం ముద్దయిపోయింది. బయటివాళ్లకు ఒక్క ముక్క తెలిసేది కాదు, నాకు తెలిసేది. ఆయన అనేవాడు, నేను తిరిగి చెప్పేదాన్ని. ఆ పనిలో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

తర్వాత గురక మొదలైంది. మామూలు గురక కాదు. లాగి లాగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. ఊపిరి కూడా ఆగేది. కాసేపటికి గొంతు పట్టుకున్నవాళ్లెవరో వదిలినట్టు ఎగిరిపడి లేచేవాడు. మొదట్లో తట్టి లేపుతూ పక్కనే ఉన్నాను. తర్వాత చాప వంటింట్లోకి మార్చాను. మా అత్తతో నడుంనొప్పి అన్నాను. నిజానికి ఆ శబ్దాన్ని, ఆ నోటి వాసనను భరించలేకపోయాను. గోడ అవతల గురక ఆగినప్పుడు నాకేమనిపించేదో తెలుసా? భయం కాదు. అమ్మయ్య అనిపించేది.

హిందూపురంలో చెకప్‌కు పోయాం. బయట బెంచీ మీద ఒకామె తన భర్త సంగతి చెప్పింది. ఆయనకూ నిద్రలో ఊపిరి ఆగుతోందట. రాత్రంతా పడుకోబెట్టి పరీక్ష చేశారట. మూతికి మాస్కు పెట్టే మిషను ఇచ్చి, పక్కన ఎవరైనా పడుకుని చూసుకోవాలన్నారట. మా ఇంట్లో ఆ ఎవరైనా నేనే కదా.

డాక్టరు మెడ తడిమి, గడ్డ మళ్లీ రాలేదన్నాడు. నిద్ర ఎలా ఉందని అడిగాడు. మా ఆయన ముందుకు వంగి, తన మాట తానే చెప్పుకున్నాడు.

"రేత్రి ఊపిరి ఆగిపోతాండాది సార్. సచ్చిపోతానేమో అనిపిస్తాది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏమంటున్నారమ్మా?"

"నోరు ఎండిపోతాందంట సార్."

"రేడియేషన్ తర్వాత అది మామూలే. గుక్క గుక్క నీళ్లు తాగమనండి."

అంతే. ఎందుకన్నాను? ఆయన పడుకునే గదిలోకి మళ్లీ పోలేక. ఇక అయిపోయింది, ఇంటికి వెళ్లండి అని ఒక్కసారి వినాలని. ఈ రెండింట్లో ఏది నిజమో నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా తేలలేదు. మా ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ ఏదో అనబోయాడు. నేను లేచి నిలబడ్డాను.

తిరుగు బస్సు పెనుకొండలో ఆగినప్పుడు ఆయన అడిగాడు. "నీకు గూడా నా మాట తెలీడంల్యా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు కదా.

"తెలీల్యా" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆ రోజు నుంచి మాట తగ్గించాడు. ఆస్పత్రిలో నేర్పిన నోటి వ్యాయామాలు మానేశాడు. ఏది కావాలన్నా చేత్తో సైగే. రానురాను ఆయన ఎప్పుడైనా నోరు విప్పినా నాకు నిజంగానే అర్థం కాకుండా పోయింది.

పగలు మగ్గం మీదే కునికేవాడు. ఒకరోజు చీరలు తీసుకుని హిందూపురానికి మోటారు సైకిల్ మీద పోతూ, సోమందేపల్లి దగ్గర నిద్రలోకి జారి రోడ్డు పక్క గుంతలో పడ్డాడు. కుడికాలు నుజ్జయింది. ఇప్పుడు మోకాలు వంగదు. మగ్గం తొక్కలేడు. తాగి నడిపాడని వీధిలో అన్నారు. చుక్క ముట్టని మనిషి. నేను కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి.

కాలికి కట్టు కట్టిన ఆస్పత్రిలోనే ఆయన గురక విని పరీక్ష చేయించారు. ఆపరేషన్‌తో, రేడియేషన్‌తో గొంతులో గాలి దారి ఇరుకైందట. ముందే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు అక్కడి డాక్టరు. మా అత్త నా వీపు నిమిరింది. "వాడు యాడ చెప్తాడు సామీ? ఈ పిల్లకే వాని మాట తెలీల్యా."

ఆ చెయ్యి నా వీపు మీద ఉన్నంతసేపూ తల ఎత్తలేదు.

ఇప్పుడు మిషను ఉంది. మాస్కు పట్టీ నేనే బిగిస్తాను, పక్కనే పడుకుంటాను. ఇంత సేవ ఎవరు చేస్తారని ఊరంతా మెచ్చుకుంటుంది. సేవా అది? ఆయన కాలు పనికిరాకుండా పోవడం ఒక ఎత్తు. తన మాట లోకంలో ఎవరికీ తెలియదని నమ్మి నోరు మూసుకున్నాడే, అది ఇంకొక ఎత్తు. చెబితే ఆయన నన్ను ఏమంటాడోనని కాదు నా భయం. అనడానికి ఆయనకు ఇప్పుడు మాటే లేదు.

రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. క్షమించమనీ అడగడం లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నిజాన్ని ఉన్నదున్నట్టు రాయాలనిపించింది, అంతే. ఆ రోజు డాక్టరు ముందు నా భర్త చాలా స్పష్టంగా మాట్లాడాడు. ప్రతి మాటా నాకు అర్థమైంది.